తిన్నవా అంటే

జడ్చర్ల దాటినంక రేకుల షెడ్ల కంపెనీల
క్యాంటీను పళ్లాలు కడుగుత నేను.
మిషన్లు బిగించెతందుకు కొరియా కెళ్లి వచ్చిండు మున్ సార్.
మా నోట్లె పడి రెండు దినాలకే
మునెయ్య అయిండు.

పళ్లెం ఇచ్చే కిటికీ కాడికొస్తడు,
నడుము దాక వంగుతడు.
సబ్బు చేతులదానికి అంతగనం వంగుడేందో సమజ్ కాలె.
మొదట్ల, కింద ఏమన్న పడ్డదేమోనని
నేను గూడ వంగి చూసిన.

ఒకనాడు అడిగిండు:
"బాప్ మొగొస్సొయో?"

బాప్.
ఆ ఒక్క మాట నాకు తెలుసు.
బొంబాయి మేస్త్రి నోట్లె విన్న మాట.
కోస్గి కెళ్లి మూటలు కట్టుకొని పోయినోళ్ల పిల్లలను
ఇటుకల కుప్ప మీద నిలబడి అడిగెటోడు,
తేరా బాప్ కిధర్, అని.

నాయిన సంగతి ఈ పరాయోనికి ఎవరు చెప్పిన్రు?
చేతులు కొంగుకు తుడుచుకున్న.
తల అడ్డంగ ఊపిన.
లేడు, అన్న.

మునెయ్య మొఖం చిన్నగయింది.
తన పళ్లెంల అన్నం సగం చేసి
గుడ్డు పూరాగ నా దిక్కే పెట్టి
కిటికీల కెళ్లి లోపలికి నూకిండు.
తినేదాంక కదలలె.
నాయిన లేడంటే గుడ్డు పెట్టే దేశం
యాడుంటదో అనుకుంట తిన్న.

లెక్కలు రాసే పిల్ల నవనీత
రాత్రిళ్లు ఫోన్ల కొరియా సీరియళ్లు చూస్తది.
ఇని, గోడకు ఆనుకొని నవ్వింది.
"బాప్ అంటే అన్నమే కుర్మక్కా!
అన్నం తిన్నవా అని అడిగిండు.
ఉత్త పలకరింపు.
తిన్న, అంటే అయిపాయె."

ఆ జవాబు నాకు తెల్వదా పిల్లా.
కరువు నాడు అంబలి కుండ బోర్లిచ్చి
వాకిట్లకొచ్చి మా అవ్వ చెప్పిన జవాబదే.
నారాయణపేట బస్టాండుల
బొంబాయి బస్సు కిటికీల కెళ్లి నాయిన చెప్పిందదే.
తిన్నవా నాయినా?
తిన్న బిడ్డా.
బస్సు కదిలింది.
రొట్టెల మూట ఇంక నా చేతులనే ఉండె.

ఇంకోనాడు గేటు కాడ ఎదురొచ్చి
"ఒది కసేయో?" అన్నడు.
యాడికి, అని.
బయలెల్లినోళ్లను యాడికని అడుగుతరా ఎవరన్న!
వెనక్కి మళ్లి, వాచ్‌మెన్ కుర్చీల కూసొని
నీళ్లు తాగి, మల్ల లేచిన.
షిఫ్టు బస్సు పాయె.
నవనీత ఏం చెప్పిందో ఏమో,
తెల్లారి కెళ్లి నేను సంచి సంకకేస్తే చాలు
మునెయ్య రెండు చేతుల నోరు మూసుకుంటడు.

పోయెటోళ్లకు ఒక మాట, ఉండెటోళ్లకు ఒక మాట ఉన్నదట వాళ్లకు.
అన్యోంగి కసేయో: మంచిగ పో.
అన్యోంగి కేసేయో: మంచిగ ఉండు.
మనకు రెండు లెవ్వు.
పోత, అంటే తిడుతరు. పొయ్యొస్త, అనాలె.
రానోడు గూడ అనాలె.

అతను పోయేనాడు, వారం సంది నేర్చుకున్న మాట
కారు కాడికొచ్చేసరికి తప్పిన.
పోయెటోనికి ఉండుమని చెప్పిన.
దిద్దలె. వంగిండు.
నేను గూడ వంగిన, ఈసారి కింద ఏం వెతకకుంట.
"పొయ్యొస్త, కుర్మక్కా," అన్నడు.
ఎవరు నేర్పిన్రో.

శంషాబాద్ దిక్కు మలిగింది కారు.
లోపల పళ్లాలు కుప్పబడ్డయి.
నల్లా ఇప్పిన.
నవనీత తొంగిచూసి, తిన్నవా అక్కా, అన్నది
పోయేదల్లా పోతనే.

ఇంక తినలె, అన్న.

పిల్లకు ఆ జవాబు కొత్త.
అట్లనే నిలబడ్డది కొంచెంసేపు.
తర్వాత వచ్చి
అన్నం గిన్నె మూత తీసింది.